సుడి కనబడిన రోజు నుంచి వెనక్కి లెక్కపెట్టాలి

తమ్ముడి ప్రశ్న చదివాను. కాశీనగరం దగ్గర వంశధార పక్కన పల్లపు పొలం, స్వర్ణ రకం వరి వేశాడు, ఆగస్టు మొదట్లో నాటు ఊడ్చాడు. అక్టోబరు చివర్లో మడి మధ్యలో చాప పరిచినంత మేర గుండ్రంగా ఎండింది, ఇలాంటి మచ్చనే సుడి అంటాం, మామూలుగా అది సుడిదోమ అనే రసం పీల్చే పురుగు పని. దుకాణంలో ఇచ్చిన మందులు పది రోజుల్లో మూడుసార్లు కొట్టాడు, చాప కాస్తా కళ్లమంత అయింది. అడిగింది మూడు మాటలు: ఇది విత్తనంతో వచ్చిందా, పక్కవాడి మడిలోంచి వచ్చిందా, మందు నకిలీదా అని.

విత్తనంతో రాలేదు, ఆ మాట వదిలెయ్. పక్కవాడి మీద కూడా ఇప్పుడే కోపం పెంచుకోకు. మందు సంగతి చివర్లో చెబుతాను, అది నకిలీదైనా ఇంత నష్టం జరిగేది కాదేమో.

నేను పర్లాకిమిడి వైపు మనిషిని. ముప్పై ఏళ్లుగా వరి చేస్తున్నాను, మధ్యలో కొన్నేళ్లు శ్రీకాకుళం వైపు పొలంబడుల్లో రైతులతో కలిసి మడుల్లో పురుగులు లెక్కపెట్టే పని కూడా చేశాను. ఆ లెక్కలే నాకు కాస్త బుద్ధి నేర్పాయి, అంతకు ముందు నేనూ నీలాగే డబ్బా భుజానికి వేసుకుని పరుగెత్తినవాణ్ణే.

మనం సుడిదోమ అంటాం, ఒడియా రైతులు చకడా పోక అంటారు. రెండు పేర్లూ పురుగును చూసి పెట్టినవి కావు, మడిలో పడిన గుండ్రటి మచ్చను చూసి పెట్టినవి. అంటే రెండు భాషల వాళ్లమూ దాన్ని ఆఖరి రోజునే గుర్తుపట్టాం. మచ్చ పడేటప్పటికి ఆ పురుగు నీ మడిలో రెండు తరాలు కాపురం చేసి ఉంటుంది. అందుకే సుడి కనబడిన రోజు నుంచి ముందుకు కాదు, వెనక్కి లెక్కపెట్టాలి.

ముందు అది దోమేనా కాదా చూసుకో. ఎలుక కొట్టినా, పాము పొడ తెగులు వచ్చినా, కాండం కుళ్లినా దూరానికి ఎండినట్టే ఉంటుంది. మచ్చ మధ్యలోకి పోకు, అక్కడ ఏమీ దొరకదు, చచ్చిన దుబ్బులో దానికి తిండి లేదు. మచ్చ అంచున ఇంకా పచ్చగా ఉన్న దుబ్బు దగ్గర కూర్చో, ఆకులు పక్కకు తీసి నీటికి నాలుగు వేళ్ల పైన కాండం చూడు. గోధుమ రంగులో, బియ్యపు గింజ కంటే చిన్నవి, తల కిందకో పైకో పెట్టి అతుక్కుని ఉంటాయి. వేలు దగ్గరకు తీసుకెళ్తే ముందుకు పోవు, ఎండ్రకాయలా పక్కకు జరిగి కాండం అవతలి వైపు దాక్కుంటాయి. అది చాలు గుర్తు. దుబ్బును అరచేత్తో రెండు దెబ్బలు కొడితే నీళ్లలో రాలి, మళ్లీ ఎగిరి దుబ్బెక్కుతాయి. నీటి మీద తవుడు చల్లినట్టు తెల్లగా తేలేవి అవి విడిచిన కుబుసాలు. కాండం బంకగా, కొన్నిచోట్ల మసి పూసినట్టు నల్లగా ఉంటే అది వాటి తేనె లాంటి విసర్జన మీద పెరిగిన బూజు.

ఆ బంక ఎందుకు వస్తుందో తెలిస్తే సగం విషయం తెలిసినట్టే. ఈ పురుగు ఆకు కొరకదు. సూది లాంటి నోటిని కాండంలోకి దింపి, ఆకుల్లో తయారైన చక్కెర కిందికి దిగే గొట్టాల్లోంచి రసం పీలుస్తుంది. ఆ రసంలో చక్కెర దండిగా ఉంటుంది, పురుగు పెరగడానికి కావలసిన నత్రజని మాత్రం చాలా తక్కువ. ఆ కాస్త నత్రజని కోసం అది రోజంతా తాగుతూనే ఉండాలి, మిగిలిన చక్కెర నీళ్లు వెనకనుంచి వదిలేస్తూ ఉండాలి. దాని ఒంట్లోని కొవ్వులో ఈస్ట్ లాంటి సూక్ష్మజీవులు కాపురం ఉండి, పురుగు వ్యర్థంగా పారేయాల్సిన నత్రజనిని కూడా మళ్లీ పనికొచ్చే తిండిగా మార్చి పెడతాయి, అంత పిసినారి సంసారం దానిది. ఇక నువ్వు ఎకరానికి రెండు బస్తాల యూరియా వేసి మడిని చిలకపచ్చ చేశావంటే ఆ పిసినారికి పెళ్లి భోజనం పెట్టినట్టే. యూరియా ఎక్కువైన మడిలో ఇవి ఎక్కువ గుడ్లు పెడతాయి, పిల్లలు ఎక్కువ బతుకుతాయి. నువ్వు ఎన్ని బస్తాలు వేశావో రాయలేదు, నాకైతే అనుమానంగానే ఉంది.

ఇప్పుడు వెనక్కి లెక్క. గుడ్డు పొదగడానికి వారం నుంచి తొమ్మిది రోజులు, పిల్ల ఐదుసార్లు కుబుసం విడిచి పెద్దదవడానికి ఇంకో రెండు వారాలు, పెద్దదయ్యాక రెండు మూడు రోజులకు గుడ్లు మొదలు. మొత్తం ఒక తరానికి దాదాపు 25 నుంచి 30 రోజులు. నీ మచ్చ అక్టోబరు చివర్లో కనబడిందన్నావు కాబట్టి దాన్ని మాడ్చినవి రెండో తరం పిల్లలు. వాటి తల్లులు సెప్టెంబరు చివర్లో పెద్దవైనవి. వాటికి తల్లులు ఆగస్టు చివరలోనో సెప్టెంబరు మొదట్లోనో, నీ మడి పిలకలు వేస్తున్నప్పుడు గాలిలో వచ్చి దిగిన కొద్దిపాటి పెద్ద పురుగులు. ఆ రోజు దుబ్బుకు ఒకటి కూడా ఉండి ఉండదు, నువ్వు చూసినా పట్టించుకునేవాడివి కాదు.

గాలిలో వచ్చిన వాటికి పొడుగు రెక్కలుంటాయి. అవి నీ మడిలో గుడ్లు పెట్టాక పుట్టిన ఆడవాటిలో ఎక్కువ వాటికి రెక్కలు ఒంటి చివరి దాకా రావు. తిండి బాగుండి, లేత పైరు ఉండి, ఇరుకు లేకపోతే రెక్కల మీద ఖర్చు పెట్టకుండా గుడ్ల మీద పెడతాయన్నమాట. అవి తొందరగా గుడ్లు మొదలుపెడతాయి, ఎక్కువ పెడతాయి, ఒక్కొక్కటి 200కు పైగా. కాండానికి చుట్టుకున్న ఆకు తొడిమ కణజాలంలో గాటు పెట్టి లోపల వరసగా దూరుస్తుంది, బయటికి గోధుమ రంగు చిన్న గీతలా కనబడుతుంది అంతే. మందు దానికి తగలదు, అది గుర్తు పెట్టుకో, మళ్లీ అవసరం పడుతుంది. తర్వాత పైరు ముదిరి, దుబ్బుకు వందల్లో పురుగులై ఒకదాన్నొకటి తోసుకునే పరిస్థితి వచ్చినప్పుడు పుట్టే పిల్లలకు మళ్లీ పొడుగు రెక్కలు వస్తాయి. పురుగులో ఇన్సులిన్ సంకేతాన్ని అందుకునే రెండు రకాల అణువులు ఒకదానికొకటి ఎదురు పనిచేసి ఈ పొట్టి పొడుగు నిర్ణయిస్తాయని చైనా శాస్త్రవేత్తలు 2015లో చూపించారు. మనకు షుగరు జబ్బులో వినబడే ఇన్సులిన్ మాటే, ఇక్కడ దోమ రెక్కల దగ్గర తేలింది.

సుడి గుండ్రంగానే ఎందుకు పడుతుందన్న దానికి జవాబు కూడా ఈ పొట్టి రెక్కల్లోనే ఉంది. పొట్టి రెక్కల తల్లి ఎగరలేదు. అది దిగిన దుబ్బులో, మహా అయితే పక్క దుబ్బులో గుడ్లు పెడుతుంది, పిల్లలు ఆ చుట్టుపక్కలే తాగుతాయి, దుబ్బు చచ్చాక అంచుకు జరుగుతాయి. నీళ్లలో పడ్డ నూనె చుక్కలా నలువైపులా పాకుతుంది. కాబట్టి నీ సుడి చాలావరకు నీ మడిలోనే పుట్టి పెరిగింది. పక్కవాడి మడి ఎండిపోయి వాటికి పొడుగు రెక్కలు వచ్చాక మాత్రం అవి సాయంత్రం చీకటి పడే వేళ, తెల్లవారుజామున పైకి లేచి గాలిని పట్టుకుంటాయి. అలా లేచింది పక్క మడిలోనే దిగాలని లేదు. 1967లో జపాన్ వాతావరణ నౌక ఒకటి తీరానికి సుమారు 500 కిలోమీటర్ల దూరంలో నడిసముద్రంలో ఉండగా దాని మీద ఇవి గుంపులుగా వాలాయి. జపాన్ చలికాలంలో ఇవి బతకలేవు, ఏటా చైనా వైపు నుంచి గాలి మీద వెళ్లేవే. 1732లో అక్కడ పెద్ద కరువు వచ్చింది, దానికి దోమలూ ఒక ముఖ్య కారణం. ఆ కాలంలో వాళ్లు మడి నీటి మీద తిమింగలం నూనె పోసి, దుబ్బులు దులిపి, దోమలు ఆ నూనెలో పడి చచ్చేలా చేసేవారట. మన పెద్దలు గొట్టపు పురుగుకు కిరోసిన్ తడిపిన తాడు లాగేవారు చూడు, అలాంటి తెలివే.

మన దగ్గర చలి వాటిని చంపదు. అయితే సుడిదోమకు వరే ఇల్లు, వరే తిండి, గడ్డిలో పెద్దగా బతకదు. కోత తర్వాత మోళ్ల నుంచి లేచే చిగుళ్లు, కాలవ పక్కన దాళ్వా వరి వేసే మడులు, ఇవే దానికి వేసవి విడిది. తెల్లమచ్చ దోమ అని దాని చుట్టమొకటి ఉంది, వీపున తెల్లటి పట్టీ ఉంటుంది, అది ముందుగా పిలకల దశలోనే వస్తుంది, గడ్డి జాతుల మీద కూడా బతుకుతుంది. 2022లో పంజాబ్, హర్యానాల్లో వరి గిడసబారిపోయింది చూడు, దానికి కారణమైన వైరస్‌ను మోసింది ఈ తెల్లమచ్చ దోమే. మన పచ్చదోమ వేరు, అది టుంగ్రో అనే వైరస్ తెగులును మోసేది. దుకాణంలో దోమ అంటే అన్నిటికీ ఒకే డబ్బా తీసి ఇస్తారు, అదొక తలనొప్పి.

ఇక మందు సంగతి. నువ్వు సెప్టెంబరులో ఆకుముడత పురుగుకు ఒకసారి మందు కొట్టానని రాశావు, పేరు సింథటిక్ పైరిత్రాయిడ్ అన్నావు. నా దృష్టిలో నీ సుడి మొదలైంది ఆ రోజు. దోమ గుడ్లను, పిల్లలను తినే జీవాలు మడిలో బోలెడు. తోడేలు సాలీడు అని నీటి మీద పరుగెత్తే సాలీడు, నీటి మీద నడిచే సన్న నల్లులు, అక్షింతల పురుగులు, ఆకు తొడిమలోని దోమ గుడ్డులోనే తన గుడ్డు పెట్టే చీమ తలంత కూడా లేని పరాన్నజీవి, అన్నిటికంటే ముఖ్యంగా పచ్చటి మిరిడ్ నల్లి. మిరిడ్ నల్లి దోమ గుడ్లలో సూది గుచ్చి పీల్చేస్తుంది. ఈ మందు వీటిని ఊడ్చేస్తుంది. తొడిమలో ఉన్న దోమ గుడ్లు మాత్రం భద్రం, వారానికి పిల్లలు బయటికి వస్తాయి, తినేవాడు లేడు. పైగా ఆ జాతి మందులే అయిన డెల్టామెత్రిన్ లాంటివి కొద్ది మోతాదులో తగిలి బతికిన ఆడ దోమ ఇంకా ఎక్కువ గుడ్లు పెడుతుందని కూడా పరిశోధనల్లో తేలింది.

వేళ్ల మీద లెక్క వేద్దాం, ఇది నా ఊహ లెక్కే. ఒక ఆడది 200 గుడ్లు పెట్టింది. సాలీళ్లు, నల్లులు అన్నీ ఉన్న మడిలో 100కి 95 చస్తే మిగిలేవి 10, అందులో ఆడవి 5. మూడు తరాలకు ఐదు అయిదులు ఇరవై అయిదు, ఇరవై అయిదు అయిదులు 125. ఆ జీవాలను నువ్వు చంపేసిన మడిలో 100కి 75 మాత్రమే చస్తే మిగిలేవి 50, ఆడవి 25. మూడు తరాలకు 25ని 25తో, మళ్లీ 25తో హెచ్చవేస్తే 15,625. ఒకే తల్లి, ఒకే మడి. చావులో 20 శాతం తేడా, చివర్లో 125 రెట్ల తేడా.

నాకూ జరిగింది ఇది. 2017లో బర్గఢ్ వైపు చకడా పోక పొలాలకు పొలాలు మాడ్చేసిన ఏడాది, తిత్లీ తుఫానుకు ముందు ఏడాది, నేను కూడా ఒక దుకాణదారు మాట విని ఆకుముడతకు రెండు మందులు కలిపి కొట్టాను. ఆకుముడత పోయింది. నెల తిరిగేసరికి అర ఎకరం గడ్డి అయింది, ఆ గడ్డిని ఆవు కూడా మూతి పెట్టలేదు. పొలంబడిలో పది మందికి చెప్పినవాణ్ణి, నా మడిలో నేనే తప్పు చేశాను. మా ఆవిడ ఇప్పటికీ డబ్బా కనబడితే ఎత్తిపొడుస్తుంది.

ఇండోనేషియాలో దేశం మొత్తానికి ఇదే జరిగింది. మందులకు ప్రభుత్వం రాయితీ ఇచ్చి కొట్టించిన కొద్దీ దోమ పెరిగింది. 1986లో అధ్యక్షుడు సుహార్తో వరిలో 57 రకాల మందులను నిషేధించాడు, తర్వాత రాయితీ కూడా ఎత్తేశారు, రైతులకు మడిలోనే చదువు చెప్పడం మొదలుపెట్టారు. మన పొలంబడి అక్కడి నుంచి వచ్చిన చదువే.

రకాల మాట కూడా చెప్పాలి. స్వర్ణ అంటే మన వైపు ప్రాణం, ఒడిశా అంతా అదే, పల్లంలో దాన్ని కొట్టేది లేదు, నేనూ వేస్తాను, కాని దోమకు అది తట్టుకోదు. సాంబ మసూరి కూడా అంతే. మార్టేరు వరి పరిశోధన స్థానం వాళ్ల విజేత, ఇంద్ర, అమర, ధృతి లాంటివి దోమను కొంతవరకు తట్టుకుంటాయి. తట్టుకోవడం అంటే ఆ మొక్క రసం గొట్టాన్ని బిరడా పెట్టినట్టు మూసేస్తుంది, దోమ నోరు దించినా కడుపు నిండదు. మామూలు రకంలో దోమ ఆ బిరడాను కరిగించేసుకుని మళ్లీ తాగుతుంది. అయితే ఒకే తట్టుకునే గుణాన్ని ఊరంతా ఏళ్ల తరబడి వేస్తే దోమ దానికి అలవాటు పడుతుంది. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి సంస్థ 1973లో ఐఆర్ 26 విడుదల చేసింది, రెండు మూడేళ్లలోనే దోమ దాన్ని జయించింది, 1976లో ఐఆర్ 36 ఇవ్వాల్సి వచ్చింది. మన ఒడిశా నాటు వరి సల్కాఠిలో కూడా ఈ తట్టుకునే గుణం ఉంది, కటక్ వరి పరిశోధన సంస్థవాళ్లు దాని మీద పనిచేశారు. మన తాతలు పారేసిన గింజల్లో ఇంకెన్ని ఉన్నాయో.

సరే, ఇప్పుడు నీ మడి. నీళ్లు తీసెయ్, అయితే పాలు పోసుకునే దశలో నేల బీటలు వారనివ్వకు, బురదగా ఉంటే చాలు. ప్రతి రెండు మీటర్లకు ఒక అడుగు వెడల్పు చేత్తో పైరును రెండు వైపులకూ వంచి దారి చెయ్, మందు కింద దాకా వెళ్లాలంటే అది తప్పదు. పిలకల దశలో దుబ్బుకు 10 నుంచి 15, ఈనిక దశ తర్వాత 20 నుంచి 25 పురుగులు దాటితేనే మందు. అంచు చుట్టూ నాలుగైదు మీటర్ల మేర లెక్క దాటి ఉంటే ఆ మేరకే కొట్టు, పొలం మొత్తానికీ వద్దు. పైమెట్రోజిన్ 50 శాతం పొడి లీటరుకు 0.6 గ్రాములు, లేదా పిల్లలు ఎక్కువగా ఉంటే బుప్రోఫెజిన్ 25 శాతం ద్రావణం లీటరుకు 1.6 మిల్లీలీటర్లు. రెండూ కలపకు, ఒకటే. పైమెట్రోజిన్ కొట్టిన సాయంత్రం పురుగులు బతికే ఉంటాయి, కంగారు పడకు, అవి తాగడం మానేసి రెండు మూడు రోజులకు ఆకలితో పోతాయి. బుప్రోఫెజిన్ పెద్దవాటిని చంపదు, పిల్లలు కుబుసం విడిచేటప్పుడు పోతాయి, నాలుగైదు రోజులు పడుతుంది. నువ్వు మూడుసార్లు కొట్టడానికి కారణం ఇదే అనుకుంటాను, మర్నాడు చావలేదని రెండోది, అదీ చావలేదని మూడోది. మందు చీటీ మీద కోతకు ఎన్ని రోజుల ముందు ఆపాలో రాసి ఉంటుంది, ఆ రోజులు లేకపోతే మందు ఊసే వద్దు. మందు డబ్బా గొట్టం ముక్కు కాండం మొదలు వైపు పెట్టాలి, ఎకరానికి 200 లీటర్ల నీళ్లు పోవాలి. ఈ మధ్య డ్రోన్లు వచ్చాయి, ఎకరానికి పది లీటర్లతో పైనుంచి దులిపేసి పోతున్నాయి. ఆకు మీద పురుగుకు సరే, నీటి పక్కన దాక్కున్న దోమకు ఆ మంచు బిందువులు ఏం దిగుతాయి? కొట్టిన ఎనిమిదో రోజు మళ్లీ చూడాలి, తొడిమలో ఉన్న గుడ్లు అప్పటికి పిల్లలవుతాయి.

వచ్చే ఏడాది ఊడ్చేటప్పుడే తూర్పు పడమరలుగా రెండు మీటర్లకు ఒక జానెడు కాలిబాట వదులు. కూలీలు గొణుగుతారు, చోటు వృథా అంటారు, అననీ. గాలి, వెలుతురు మొదట్లోకి దిగుతాయి, తడి తగ్గుతుంది, దోమకు ఆ చోటు నచ్చదు, నీకు నడవడానికి దారీ ఉంటుంది. యూరియా మూడు దఫాలుగా, ఆఖరిది చిరుపొట్ట దగ్గర ఆపెయ్. మధ్యమధ్యలో మడి ఆరబెట్టు. ఊడ్చిన నలభై రోజుల వరకు ఆకుముడత కాస్త కనబడినా పైరిత్రాయిడ్ ముట్టుకోకు, ఆ వయసులో పైరు పోయిన ఆకును మళ్లీ వేసుకుంటుంది.

రేపు పొద్దున్నే దిగి సుడి అంచున పది దుబ్బులు, సుడికి దూరంగా పది దుబ్బులు తట్టి లెక్క రాసుకో. ఎన్ని ఉన్నాయన్నదే కాదు, రెక్కలు కూడా చూడు. పొట్టి రెక్కల ఆడవి, తెల్లటి చిన్న పిల్లలు ఎక్కువుంటే ఇంకో విడత ఉంది, అంచుకు మందు పెట్టాల్సిందే. దాదాపు అన్నీ పొడుగు రెక్కలవే అయితే అవి ప్రయాణానికి సిద్ధంగా ఉన్నాయి, రెండు మూడు సాయంత్రాల్లో వాటంతటవే లేచిపోతాయి, ఆ డబ్బు కోత కూలికి దాచుకో. గింజ గట్టిపడిన మడులు ముందు కోసెయ్. లెక్క రాశాక ఇక్కడ పెట్టు, చూసి చెబుతాను.